గొలుసుతో కొలిచే ఆట

సాయంత్రం పూట తార్నాకలో మా ఫ్లాటు గోడ మీద ఎండ పడుతుంది. అప్పుడే మెట్రో రైలు వెళ్తే, పెట్టెల సందుల్లోంచి ఆ ఎండ తునకలు తునకలై గోడ మీద పరుగెడుతుంది. రైలు పోయాక గోడ మళ్లీ తెల్లగా నిలుస్తుంది. ఆ వెలుగు చూసినప్పుడల్లా నాకు విశ్వవిద్యాలయంలో తెరలు దించిన ఒక గది, కాగిన బల్బు మీద దుమ్ము వాసన, తెల్లగుడ్డ మీద చప్పుడు లేకుండా పరుగెత్తే మనుషులు గుర్తొస్తారు. వాళ్లను నాకు చూపించినవారు నర్సయ్య సార్.

అవి అరవైల చివరి రోజులు. నేను ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. రెండేళ్లు అమెరికాలో చదివి వచ్చిన సార్ మాకు ఆ దేశ చరిత్ర చెప్పేవారు. ఆయనది మా ఊరే. ఆ ఊరి గడి, అంటే కోటలాంటి దొరల ఇల్లు, మాది. మా తాతగారి ముందు సార్ తండ్రి మల్లయ్య చెప్పులు చంకన పెట్టుకొని నడిచేవాడు. నా కాలానికి భూములు పోయాయి, గడి గోడలు బీటలిచ్చాయి. నాకు మిగిలింది తార్నాకలో ఒక అద్దె గది, గంజిపెట్టిన రెండు చొక్కాలు, నిటారైన నడుము. క్యాంటీన్ బెంచీ మీద నలుగురి మధ్య ఇరుక్కొని కూర్చోవడం నాకు చేతకాలేదు. నిలబడే టీ తాగేవాణ్ని. ఒకరోజు సార్ తన గ్లాసు పట్టుకొని నా పక్కన వచ్చి నిలబడ్డారు.

"మీ తాత గిట్లనే నిలబడేటోడు," అన్నారు. "ఆయన చుట్టు జాగ ఉండె. నీ చుట్టు మంది ఉన్నరు. జర జరుగు, రంగారావూ."

క్లాసులయ్యాక మేమిద్దరం తార్నాక దాకా నడిచేవాళ్లం. గుట్టల మీద ఎండ ఎర్రబడేది. నడిచింది మేమో, పక్కన రాళ్లే మెల్లగా వెనక్కి కదిలేవో తెలిసేది కాదు. ఒకనాడు దారిలో కల్వర్టు గోడ మీద వేయించిన పల్లికాయలు వరుసగా పేర్చి, అమెరికా వాళ్లు ఆడే ఫుట్‌బాల్ ఎలాంటిదో చెప్పారు.

"ఇది బంతాట గాదు, జాగ ఆట. నాలుగు మాట్లు అవకాశమిస్తరు. గా నాలుగిట్ల పది గజాలు ముందుకు పోవాలె. పోకపోతే బంతి అవతలోళ్లది. అనుమానమొస్తే గొలుసు దెచ్చి కొలుస్తరు."

"పట్వారి వచ్చి మా భూములు కొలిచినట్టా సార్?"

"మీకు నాలుగు గాదు, నలభై మాట్లు ఇచ్చిండ్రు," అని సార్ ఒక పల్లికాయ ఒలిచి నోట్లో వేసుకున్నారు.

తార్నాక వచ్చేదాకా నేను నాలుగడుగులు ముందే నడిచాను. కాని మర్నాడు మళ్లీ ఆయన పక్కనే నడిచాను.

అమెరికాలో ఆయనతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు కొన్నాళ్లకు ఒక ఫిల్ము రీలు పంపాడు. అది అంతకుముందు జరిగిన ఛాంపియన్‌షిప్ ఆట, అరగంటకు కుదించినది. ఒకవైపు పేరు మోసిన పాత జట్టు. మరోవైపు, నిన్నమొన్న పుట్టిన లీగు నుంచి వచ్చి, అందరూ ఓడిపోతుందన్న జట్టు. ఎవరు గెలిచారో సార్ చెప్పలేదు.

"పాత జట్టే సార్," అన్నాను. "వంశం ఊరికే పోదు."

సార్ రీలు డబ్బాకు మూత పెట్టారు. "రేపు మా బాపు వస్తున్నడు. నేను పాఠం చెప్పే గదిల, కుర్చీల కూసొని ఆయన ఈ ఆట చూడాలె. నాకు గంతే కావాలె. నువ్వుంటె కూసోడు."

"అయితే నేను రాను సార్."

"నువ్వు లేనప్పుడు కూసుంటె అది కూసున్నట్టు గాదు. రావాలె."

వెళ్లాను. తెల్లటి తలపాగా చుట్టుకొని కుర్చీ అంచున కూర్చున్న ముసలాయన నన్ను చూడగానే లేచి గోడకు ఆనుకున్నాడు. చెప్పులు చంకలోకి పోయాయి.

"బాపూ, కూసో," అన్నారు సార్.

"దొరబాబు ఉన్నడు గద బిడ్డా."

"కూసో మల్లయ్యా," అన్నాను నేను. మా ఇంట్లో అలాగే అనేవాళ్లం. వెంటనే నేల మీద కూర్చున్నాడు. సార్ నా వైపు చూడకుండా దీపం ఆర్పేశారు.

ప్రొజెక్టర్‌కు శబ్దం పాడైంది. ఇనుప టోపీల్లాంటివి పెట్టుకున్న మనుషులు ఎలుగుబంట్లలా ఒకరిమీదొకరు మెత్తగా కూలుతున్నారు, పొగలోంచి లేచినట్టు లేస్తున్నారు. పాత జట్టు వెనకబడింది. చివర్లో దాని పాత సారథి దిగాడు. ఒకప్పుడు అతనంతటివాడు లేడట. ఇప్పుడు చెయ్యి దెబ్బతిని ఉంది. విసిరిన బంతి మునుపటిలా పోవడం లేదని తెలిసినా అతను వీపు వంచలేదు. ఓడిపోయాడు. ఓడి, టోపీ తీసి చేతపట్టుకొని, ఆ మైదానమంతా దాటి వెళ్లి, గెలిచిన జట్టు కుర్ర సారథికి చెయ్యి అందించాడు. తల అప్పుడూ ఎత్తే ఉంది.

రీలు అయిపోయింది. తెల్లగుడ్డ మీద వట్టి వెలుగు. నేను లేచి, నా కుర్చీ ఎత్తుకొని, గది దాటి మల్లయ్య ముందు పెట్టాను.

"కూసోండ్రి, మల్లయ్యగారూ."

"తప్పయితది దొరా."

"ఆట అయిపోయింది. మీవాళ్లే గెలిచిండ్రు. కూసోండ్రి."

ఆయన కొడుకు ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. చెప్పులు కింద పెట్టి, కుర్చీ కొసన కూర్చున్నాడు. సార్ రీలు మళ్లీ మొదటి నుంచి వేశారు. నేను కుర్చీ వెనక నిలబడ్డాను. ఆట సగానికొచ్చేసరికి ముసలాయన వీపు మెల్లగా వెనక్కి వాలింది. తెర మీద ఇద్దరు మనుషులు గొలుసు తెచ్చి నేల మీద సాగదీశారు.

"గొలుసు దెచ్చిండ్రు," అన్నాడు మల్లయ్య. "మరి పట్వారి ఏడిరా? ఆనికేం ముట్టజెప్పిండ్రు?"

ఆ చీకట్లో నర్సయ్య సార్ నవ్వారు. ఆయన అంత బిగ్గరగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

ఆ కుర్చీ మాట సార్ నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు. మర్నాడు క్యాంటీన్‌లో బెంచీ మీద తానే జరిగి చోటిచ్చారు. కూర్చున్నాను. ఇరుకుగానే ఉంది.

సార్ పోయి చాలా ఏళ్లయింది. నా నడుము ఈ వయసులోనూ నిటారుగానే ఉంది, అది మా తాతగారిచ్చినది. ఇంటికి ఎవరొచ్చినా, గ్యాసుబండ తెచ్చిన మనిషైనా సరే, కుర్చీ నేనే ఎత్తి తెస్తాను, ఇంకొకరిని తేనివ్వను. వాళ్లు కూర్చునేదాకా నిలబడతాను.