ఎత్తు లేపిన బండి

కొత్తకోటలో పెద్దరోడ్డు పక్క షెడ్డులో మా పాత పికప్పు కింద మిస్త్రీ పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. మా ఆయన వంగి అతనితో మాట్లాడుతున్నాడు. నేనూ కోడలూ బండి నీడలో కూర్చున్నాం. కోడలికి ఏడో నెల.

మాది గొర్రెల మంద. పాలమూరు వైపు మేత ఎండిపోగానే ఏటా నల్గొండ కాలువ కింది పొలాలకు తోలుకుపోయేవాళ్ళం. వరి కోసిన మళ్ళలో మంద పెడితే ఎరువు పడుతుందని రైతులు వడ్లు ఇచ్చేవారు. మగవాళ్ళు గొర్రెలతో నడిచేవారు. కుండలు, తడికెలు, నడవలేని గొర్రెపిల్లలు, ఆడవాళ్ళం బండిలో వెళ్ళేవాళ్ళం. కోడలికి తల్లి లేదు. ఇంటికి తాళం వేసి అందరం కదిలితే ఆమెను ఎవరి దగ్గర ఉంచాలి?

కిందటేడు ఆ పొలాల్లో మేం దిగిన మకాంలోనే ఆమెకు కడుపు పోయింది. మకాంకూ రోడ్డుకూ మధ్య ఒక వాగుంది, వాగు నడుమ ఒక రాతిబండ. దవాఖానకు తీసుకుపోతుంటే పికప్పు అడుగు ఆ రాతికి తగిలి ఇరుక్కుపోయింది. మేం తోస్తూ ఉండగానే అంతా అయిపోయింది. అందుకే ఈసారి కదిలేముందే బండిని ఎత్తు లేపించాలని వచ్చాం.

మిస్త్రీ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "రెండు తీర్ల లేపొచ్చన్నా. ఇరుసు మీద ఇనుప దిమ్మె పెడితే మెత్తగనే నడుస్తది. గని బరువు పడంగనే మళ్ల కిందికి దిగుతది. కమాను పట్టీలు ఎక్కువేస్తే గట్టిపడి అంత దిగదు. ఖాళీగ నడిపితే మాత్రం రోట్ల ఏసి రోకలితోని దంచినట్టు ఎగరేస్తది."

"దిమ్మెనే పెట్టు భాయ్," అన్నాను. "ఎగిరెగిరి పడితే దీని కడుపు నిలుస్తదా?"

"పోయినేడు మెత్తగనే ఉండె గద," అన్నాడు మా ఆయన.

నేను కోడలి వైపు చూశాను.

మిస్త్రీ జర నవ్వి, "బండి నీది గని సవారి వాళ్లది. కోడలమ్మను అడుగు," అన్నాడు.

కోడలు తలెత్తలేదు. "వాగు దాటితే చాలు మామా," అంది.

పట్టీలు వేయించాం. సామాను నిండా వేసుకుని పోతుంటే బండి ఉయ్యాలలా సాగింది. మా ఆయన అద్దంలోంచి నన్ను చూసి, "ఏదే నువ్వు భయపడ్డ రోకలి?" అని ఎగతాళి చేశాడు. వాగులో రాయి కూడా తగల్లేదు. మకాంలో సామాను దించాక మర్నాడు ఉప్పు, పప్పు తేవడానికి ఖాళీ బండి తీసుకుని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి వెనక పెట్టిన కొత్త కుండ పెంకులైంది. పెంకులను గట్టుమీద పారేశాడు. నాకు ఆ రోజు నుంచే భయం పట్టుకుంది.

మకాంకు వచ్చి నెల నిండకముందే, ఒకరోజు మిట్టమధ్యాహ్నం కోడలికి నొప్పులొచ్చాయి. కొడుకు మందతో దూరంగా ఉన్నాడు. బొంతలన్నీ పరిచి ఆమెను బండిలో పడుకోబెట్టాం. పొలం గట్టు దాటేలోపే ప్రతి గుంటకూ ఆమె బొంతమీద నుంచి లేచి పడుతోంది. పళ్ళు బిగించి మూలుగుతోంది. నేను ముందు రేకును దబదబ బాది బండి ఆపించాను. వచ్చేటప్పుడు నిండు బరువుతో ఎంత మెత్తగా వచ్చామో గుర్తొచ్చింది.

పక్క మంద ఆడవాళ్ళను కేకేశాను. "ఎక్కుండ్రి, అందరెక్కుండ్రి. బరువు గావాలె."

"బరువంటే నేనొక్కదాన్ని చాలదా వదినా?" అంటూ వాళ్ళలో లావుపాటామె ముందుగా ఎక్కింది. చాలలేదు. తడికెల దొడ్లో కట్టేసిన పొట్టేళ్ళను కూడా ఎత్తి వేశాం. అప్పుడు బండి కుదురుగా సాగింది. ఒక పొట్టేలు కోడలి పాదాల దగ్గర నిలబడి ఆమె కొంగు నములుతోంది. తీసెయ్యబోతే, "ఉండనీ అత్తా," అంది.

వాగు దగ్గర మా ఆయన దిగి కిందికి వంగి చూశాడు. వచ్చేటప్పటి సామాను కన్నా ఈ బరువు ఎక్కువ, బండి బాగా దిగింది. రాయి తగులుతుంది.

"దిగాలె," అన్నాడు. కోడలి వైపు చూడకుండానే అన్నాడు.

అందరం దిగాం. పొట్టేళ్ళను దించాం. కోడలిని ఇద్దరం చెరో పక్క పట్టుకుని మోకాటి లోతు నీళ్ళలో నడిపించాం. నడుమ రెండుసార్లు ఆగి నా భుజం కొరికింది. ఖాళీ బండి ఎగురుకుంటూ రాయి దాటింది. ఒడ్డున పొట్టేళ్ళను ఎక్కించి, మళ్ళీ అందరం తడిబట్టలతో ఎక్కాం.

దవాఖానలో ప్రసూతి వార్డు బోర్డు కిందే నిలబడి ప్రసూతి వార్డు ఎక్కడని అడిగాను. అక్షరాలు నేర్చుకున్నాక, చాలా ఏళ్ళకు, ఆ సంగతి తెలిసింది. నర్సమ్మ మా గుంపును చూసి, "మనుషులొచ్చిన్రా, మంద దిగిందా?" అని కసిరి కోడలిని లోపలికి తీసుకుపోయింది.

ఆడపిల్ల. పిడికెడంత ఉంది. ఏడవడానికి చాలాసేపు పట్టింది.

"నెలలు నిండలేదు. ఏమన్న కుదుపు తగిలిందా?" అని నర్సమ్మ అడిగింది. నేనేం చెప్పను? వాగు దాటించింది ఆ పట్టీలే. నొప్పులు తెచ్చింది కూడా అవేనా, లేక ఎప్పుడో రావాల్సినవి అప్పుడే వచ్చాయా? బొంతమీద ఎగిరిపడక ముందే నొప్పులు మొదలయ్యాయి, నిజమే. కానీ అంతకుముందు, నేను భయపడుతున్నా, అంగడికని ఖాళీ బండిలో ఆమె రెండుసార్లు పోయొచ్చింది. ఆ కుదుపుల గురించి ఆమెను ఇంతవరకూ ఎవరం అడగలేదు.

పిల్ల పాలు గుంజడం నేర్చాక బస్సులో తిరిగొచ్చాం. రోడ్డుమీద మా ఆయన పికప్పుతో ఎదురుచూస్తున్నాడు. బండి నిండా పొట్టేళ్ళు. ఎవరూ చెప్పకుండానే వాటిని వాగు నడిపించి, ఇవతల ఎక్కించుకొచ్చాడు. మధ్యలో బొంత పరిచి జాగా ఉంచాడు.

"ఎక్కు బిడ్డా. మెత్తగ పోతది," అన్నాడు.

కోడలు బండిని చూసింది, పొట్టేళ్ళను చూసింది. పిల్లను కొంగులో ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. "నడిచొస్త మామా," అంది.

నేనూ ఆమెతో నడిచాను. బండి మా వెనకే, మా నడకతో సమానంగా, గేరు మూలుగుతూ వచ్చింది. వాగు ఒడ్డున ఆగిపోయింది. మేం అవతలికి చేరేదాకా ఆయన బండిని నీళ్ళలోకి దించలేదు.