అవ్వ నడక మీద నేను వేసిన పాట

మా వీడియో అన్న పోయాడని పోయిన నెల జనగామ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన తీసిన పెళ్లిళ్లకు ఇరవై ఏళ్లు మిక్సింగ్ చేసినవాణ్ని. ఏడుపు రాలేదు.

పెళ్లికి పోతే అన్న పెళ్లికూతురి నగలు వదిలేసి, పొయ్యి దగ్గర చెమట తుడుచుకునే వంటామెను తీసేవాడు. పెళ్లివాళ్లు తిట్టిపోసేవాళ్లు. నేను బొమ్మ చుట్టూ గులాబీలు పెట్టి, ఒక పాట తగిలించి వాళ్లను ఒప్పించేవాణ్ని. "నీ పూలు పాడుగాను, మనిషి కనవడుతలేడుర," అని నవ్వేవాడు.

తెలంగాణ కోసం సమ్మె నడిచిన రోజుల్లో కెమెరా ఉన్న ప్రతివాడూ సభలే తీశాడు. అన్న మాత్రం అడవి అంచు గూడెం నుంచి మనవరాలి మందుల కోసం కాటారం దాకా నడిచిన ఒక అవ్వను తీశాడు. బస్సులు బంద్. ఆమె సంచి తన భుజాన వేసుకుని వెనకే నడిచాడు. డాక్యుమెంటరీ అంతా చెప్పుల చప్పుడే. చివర్లో అవ్వ ఆగి అడుగుతుంది: "తెలంగాణ అస్తె మా గూడేనికి బస్సు అస్తదా బిడ్డా?"

మొగుళ్లపల్లిలో బడి గోడకు తెల్ల పంచె కట్టి ఆ సినిమా వేశాం. సగంలోనే ఒక పెద్దాయన లేచాడు. "ఏందన్నా గిది? ముసలవ్వ నడుసుడేనా? ఉద్యమమేది?" ఆయన వెనకే అందరూ పోయారు. "బాపు అడిగింది తప్పుగాదు. గని నాకు గదే ఉద్యమం," అంటూ అన్న పంచె మడతపెట్టాడు.

నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మహబూబాబాద్‌లో వేసేలోపు, అన్నకు చెప్పకుండా సినిమా పొడుగునా డప్పుల పాట పరిచాను. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ హోరులో అవ్వ మాట మునిగిపోయింది.

"పాటకు కొట్టిండ్రు. అవ్వ అడిగింది ఎవ్వలికీ ఇనవడలే," అన్నాడు అన్న తిరుగు దారిలో. "పాట లేనిది జర పైలంగ వెట్టు."

అది లేదు. మా పనిలో క్యాసెట్‌ను ఊరికే ఉంచం. మిక్సింగ్ కాగానే దాని మీదే ఇంకో పెళ్లి తీస్తాం. అవ్వ నడక మీద అప్పటికే ఎవరిదో బరాత్ ఎక్కించేశాను. ఆ సంగతి అన్నకు చెప్పాను. "పోనీ తియ్యి. రేపు పొద్దుగాల్నే ముహూర్తమున్నది, బ్యాటరీలు చార్జింగ్ వెట్టు," అన్నాడు. ఆ తర్వాత పెళ్లిళ్లు తప్ప ఏమీ తీయలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేదని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను.

దినాల నాడు వదిన ఆ సినిమా వేయమంది. వాకిట్లో తెర కట్టాను. పాటకు చుట్టాలు తలలూపారు. చివర్లో వదిన అడిగింది: "అవ్వ పెదవులాడుతున్నయి. ఏమంటాంది?"

సౌండ్ తీసేసి, ఆ మాట నా నోటితోనే చెప్పాను.

వెనక నుంచి ఎవరో అడిగారు. "మరి అచ్చిందా బస్సు?"

నాకు తెలియదు. ఒక్కనాడూ పోయి చూడలేదు.

"పాట లేకుంట మల్లొక్కసారి వెయ్యి," అంటూ వదిన లేచి తెర దగ్గరికి పోయింది. ప్రొజెక్టర్ వెలుగులో అవ్వ ఆమె వీపు మీదుగా, జారిన కొంగు మీదుగా, చప్పుడు లేకుండా నడిచిపోయింది.