కట్టె లేక ఆగిన రైలు

మా లోయలో రైలు మళ్ళీ నడవడం మొదలైన రోజున దానికి గార్డుగా వెళ్ళవలసినవాణ్ణి నేను. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఆ స్టేషన్లో పనిచేసే అందరికీ తెలుసు. తెలిసినవాళ్ళు ఎవరూ నా ముందు ఆ మాట ఎత్తరు. వాళ్ళ మర్యాద నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

ఇంగ్లండు ఉత్తరాన, న్యూకాసిల్‌కు పడమరగా, కొండల మధ్య ఉన్న లోయ అది. గనుల కోసం ఒకప్పుడు అక్కడికి ఒక చిన్న బ్రాంచి లైను వేశారు. గనులు మూతపడ్డాక రైలు ఆగింది, పట్టాలు ఊడబెరికారు, దారంతా ముళ్ళపొదలు కమ్ముకున్నాయి. చాలా ఏళ్ళ తరువాత ఆ చుట్టుపక్కల వాళ్ళు కొందరు సంఘంగా ఏర్పడి, శనివారాల్లో వచ్చి, జీతం లేకుండా ఆ దారిని మళ్ళీ బాగుచేయడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం నేనూ మా ఆవిడా ఆ వైపు నడకకు వెళ్ళినప్పుడు నారింజ రంగు కోట్లు వేసుకున్న ముసలివాళ్ళు వర్షంలో పొదలు నరుకుతూ కనిపించారు. ఒకాయన మాకు ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. తరువాతి శనివారం నేను చేతికి తొడుగులు కొనుక్కుని వెళ్ళాను.

నాది ఆసుపత్రి కంప్యూటర్ల పని. అది సరిగ్గా జరిగినన్ని రోజులూ ఎవరికీ కనిపించదు. లోయలో అలా కాదు. సాయంత్రం నడుము పట్టుకుని వెనక్కి తిరిగితే ఆ రోజు మనం శుభ్రం చేసినంత మేరా కంటికి కనిపిస్తుంది. నన్ను అక్కడ నిలిపింది మొదట అదే. తరువాత గార్డు పరీక్ష వచ్చింది. మా కుటుంబంలో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి నేను. నాకు జీవితంలో దక్కినవన్నీ పరీక్షల ద్వారానే దక్కాయి. కాబట్టి రైలుకు గార్డుగా ఉండాలంటే నియమాల పరీక్ష రాయాలని చెప్పినప్పుడు, ఆ వయసులో అంత సంతోషపడటం తగదని తెలిసీ సంతోషపడ్డాను. పరీక్ష బాగా రాశాను. ఎంత బాగా అంటే, కొత్తగా చేరిన వాలంటీర్లకు నియమాలు చెప్పే పని కూడా మా మేనేజరు నాకే అప్పగించింది. ఆమె ఒక బస్సు డిపోను ఏళ్ళ తరబడి నడిపి రిటైరైన పెద్దావిడ. మగవాళ్ళనూ ఆడవాళ్ళనూ అందరినీ ఇక్కడి అలవాటు ప్రకారం ముద్దుగా ‘పెట్’ అనే పిలుస్తుంది. కోపం వచ్చినా ఆ పిలుపు మారదు.

ఆ తరగతుల్లో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పిన నియమం కట్టె గురించి. మా లైను ఒంటి పట్టాల దారి. ఎదురెదురుగా రెండు రైళ్ళు రాకుండా వెనకటివాళ్ళు ఒక ఏర్పాటు చేశారు. ఆ దారి మొత్తానికీ ఒకే ఒక కట్టె ఉంటుంది. మూరెడు పొడవున్న నున్నటి కర్ర, దాని కొసకు స్టేషన్ పేర్లు చెక్కిన ఇత్తడి బిళ్ళ. అది డ్రైవరు చేతిలో ఉంటేనే రైలు కదలాలి. లేకపోతే కదలకూడదు. మా దగ్గర ఉన్నదే ఒక్క ఇంజను, ఎదురు రావడానికి ఇంకొకటి లేదు. ‘అయినా సరే’ అని చెప్పేవాణ్ణి తరగతిలో, వేలు పైకెత్తి. ‘అయినా సరే, కట్టె లేకపోతే రైలు లేదు.’

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా డ్రైవరు మాటకారి. నాకు మొదటి రోజు టీ పోసినాయనే. ఒకసారి క్యాంటీన్‌లో అతడు మీ ఇంట్లో పూజలూ అవీ చేస్తారా అని మామూలుగా అడిగాడు. ‘మా ఆవిడ చేస్తుంది, నాకు పెద్దగా పట్టింపు లేదు’ అన్నాను. అది నిజం కాదు. పరీక్షకు వెళ్ళేముందు హాల్ టికెట్టు దేవుడి దగ్గర పెట్టి తీసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఉద్యోగపు ఉత్తర్వులూ వీసా వచ్చిన పాస్‌పోర్టూ కారు తాళాలూ అన్నీ అక్కడ ఒక రాత్రి ఉండి వచ్చినవే. కానీ ఆ క్యాంటీన్ బల్ల దగ్గర నేను నియమాలు తెలిసిన మనిషిని. ఆ మనిషిలోకి ఈ అలవాటును రానివ్వడం నాకిష్టం లేకపోయింది.

ప్రారంభానికి ముందు రోజు సాయంత్రం స్టేషన్ తాళం వేసే వంతు నాది. ఆఫీసు అలమారుకు తాళం వేయబోతూ లోపలున్న కట్టెను చూశాను. చూస్తూ చూస్తూ చేతిలోకి తీసుకున్నాను. రైలు మీద తప్ప దాన్ని స్టేషన్ దాటించకూడదని నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఒక్క రాత్రే కదా, పొద్దున్నే తెచ్చి పెట్టేస్తాను కదా అనుకుని కారు డిక్కీలో దుప్పటి కింద పెట్టాను.

ఇంటికి తెస్తే మా ఆవిడ నవ్వింది. ఆమెది కడప వైపు.

“ఇదేంది, మీ రైలు కట్టెనా? ఇంత చిన్నదా! దీనికోసమా ఇన్నాళ్ళూ అంత పాఠం చెప్పినారు?”

“దేవుడి దగ్గర పెట్టు. రేపు పొద్దున తీసుకుపోతాను.”

“మీవాళ్ళు ఏమీ అనుకోరా?”

“వాళ్ళకు తెలియదులే.”

ఆమె దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, సూపర్ మార్కెట్ నుంచి తెచ్చిన చామంతి పువ్వు ఒకటి దారంతో కట్టి, ఇంట్లో దేవుడి పటాలున్న అలమారులో నిలబెట్టింది. నేను దణ్ణం పెట్టుకున్నాను. రేపు ఏ పొరపాటూ జరగకుండా చూడమని అడిగాను.

తెల్లవారి నేను ముందుగా బయలుదేరాలి. చిత్రాన్నం కలుపుకుని మా ఆవిడ వెనకాల తన కారులో రావాలి. గార్డు కోటు ఇస్త్రీ సరిగ్గా ఉందా, ఎర్ర జెండా పచ్చ జెండా రెండూ ఉన్నాయా, ఈల పెట్టుకున్నానా అని అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. దేవుడి అలమారు తలుపు మూసి ఉంది. తెరవలేదు.

స్టేషన్లో పండగలా ఉంది. బ్యాండు మేళం వాయిస్తోంది. ప్లాట్‌ఫారం నిండా జనం. ఒకప్పుడు ఈ లోయలో రైలును చూసి ఎరిగిన ముసలివాళ్ళ కోసం కుర్చీలు వేశారు. ఇంజను ఆవిరి పట్టి సిద్ధంగా ఉంది. నేను నా కోటు గుండీలు సర్దుకుంటూ ఒక రకమైన గర్వంతోనే నిలబడి ఉన్నాను. అప్పుడు మేనేజరు అలమారు దగ్గర నుంచి పిలిచింది.

“పెట్, కట్టె ఎక్కడ?”

ఆ క్షణంలో నాకు దేవుడి అలమారు తలుపు కళ్ళ ముందు కనిపించింది.

“మా ఇంట్లో ఉంది” అన్నాను.

“మీ ఇంట్లోనా? ఎందుకు?”

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ డ్రైవరు కూడా అక్కడికి వచ్చి నిలబడ్డాడు, వెనక నా దగ్గర నియమాలు నేర్చుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. “ఇత్తడి బిళ్ళ మసకబారింది. పాలిష్ చేద్దామని తీసుకెళ్ళాను” అన్నాను.

మేనేజరు అలమారు తలుపు వేసింది. డ్రైవరు మాత్రం నా భుజం చరిచాడు. “రాత్రంతా కూర్చుని పాలిష్ చేశాడట! ఇలాంటివాణ్ణి ఇంకొకణ్ణి తెచ్చిపెట్టండి నాకు!” అని, ఆపే లోపలే వెళ్ళి ఆలస్యానికి కారణం జనానికి చెప్పేశాడు. జనం చప్పట్లు కొట్టారు. “అసలు సిసలు రైలే ఇది, మొదటి రోజే లేటు!” అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో కోపం లేదు. కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను దగ్గరకు పిలిచి, నీలాంటి జాగ్రత్తపరుడు ఉంటే మాకు భయం లేదు నాయనా అన్నట్టుగా చేయి పట్టుకుంది. నేను ఆ చేయి విడిపించుకోలేకపోయాను.

లోయలో ఫోన్ సరిగ్గా అందదు. కాలిదారి వంతెన ఎక్కితేగాని మా ఆవిడకు ఫోన్ కలవలేదు. అప్పటికే ఆమె సగం దారి వచ్చేసింది.

“కట్టె మర్చిపోయి పోయినారా? అయ్యో రామ! ఇప్పుడెట్లా?”

“వెనక్కి తిరిగి ఇంటికెళ్ళి తీసుకురా. తొందరగా.”

పాలిష్ మాట ఆమెకు చెప్పలేదు. పువ్వు తీసేసి, తుడిచి తెమ్మని అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గు వేసి ఆపుకున్నాను. దిగి వచ్చి, అందరితో పాటు నిలబడి ఎదురుచూశాను. బ్యాండువాళ్ళు వచ్చిన పాటలన్నీ అయిపోయి మళ్ళీ మొదటి నుంచి వాయించారు. టీ రెండోసారి కాచారు. ఇంజను ఊరికే ఆవిరి కక్కుతూ నిలబడింది, దాని ముందు దారి పొడుగునా మేకపిల్ల కూడా లేదు. ఒక్కరు కూడా విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది.

మా ఆవిడ వచ్చింది. పట్టుచీర మీద ఉన్ని కోటు వేసుకుని, రెండు చేతులతో కట్టెను నిలువుగా పట్టుకుని, గుడి నుంచి తెస్తున్నట్టు నెమ్మదిగా గేటు దాటింది. పసుపు అలాగే ఉంది. బొట్టు అలాగే ఉంది. చామంతి పువ్వు కాస్త వాడింది.

నేను పరుగెత్తాను. ఇంకెవరూ చేరేలోపల ఆమె చేతుల్లోంచి కట్టె లాక్కుని, పువ్వు తెంపి జేబులో వేసుకుని, చేతిరుమాలుతో తుడవడం మొదలుపెట్టాను. కుంకుమ రుమాలుకు అంటుకుంది. పసుపు మాత్రం కర్రలోకి దిగిపోయి రాలేదు. ఉమ్మితో తడిపి కూడా రుద్దాను. దేవుడి దగ్గర పెట్టి తీసిన వస్తువును ఉమ్మితో రుద్దాను.

“ఏం చేస్తాండారు?” అంది ఆమె. “ఎందుకు తుడుస్తాండారు దాన్ని?”

“ఇక్కడ వద్దు. ఊరుకో.”

అంతలో మేనేజరు వచ్చి ఆమెకు షేక్ హ్యాండ్ ఇచ్చి, రెండుసార్లు ఆ దారి తిరగవలసి వచ్చినందుకు క్షమించమని అడిగింది. తరువాత నా చేతుల్లోకి చూసి, ఈ ఎరుపు ఏమిటని మర్యాదగా అడిగింది. నేను నోరు తెరిచేలోపల మా ఆవిడ ఇంగ్లీషులో జవాబు చెప్పింది. “దేవుడి దగ్గర పెట్టాం. మాకు కొత్త పని ఏది మొదలైనా ముందు అక్కడ పెట్టడం అలవాటు. ఈయనే పెట్టమన్నాడు. ఇప్పుడు ఈయనే తుడుస్తున్నాడు.”

“అయితే పాలిష్ కాదన్నమాట” అంది మేనేజరు.

“పాలిష్ ఏంది?” అని మా ఆవిడ నా వైపు తిరిగి తెలుగులో అడిగింది. అందరూ చూస్తున్నారు. నేను తల దించుకున్నాను. ఆ తల దించుకోవడమే ఇద్దరికీ జవాబు అయింది.

మేనేజరు నన్ను పక్కకు పిలిచింది. “ఈ రోజు నువ్వు గార్డుగా వెళ్ళవు, పెట్.”

“మరిచిపోవడం నా తప్పే” అన్నాను.

“మరిచిపోతే ఏమైంది? మా డిపోలో ఒకడు బస్సునే మరిచిపోయి నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు. ఇంటికి తీసుకెళ్ళినందుకు కూడా విడిగా తిడతాను, దానికింకా టైముంది. కానీ కట్టె ఎక్కడుంది, ఎందుకుంది అని నేనడిగితే జరిగింది చెప్పే మనిషి కావాలి నాకు. ఆ బొట్టుకు నేనేమైనా అంటానని అనుకున్నావా?”

అనుకున్నాను. ఆమె అంటుందని కాదు, ఎవరో ఒకరు నవ్వుతారని అనుకున్నాను. అదే చెప్పాను. ఆమె “వెళ్ళి లెవెల్ క్రాసింగ్ గేటు చూసుకో” అని డ్యూటీల బోర్డు మీద పేర్లు మార్చింది. నాతో పాటు పరీక్ష రాసిన బడి పంతులమ్మ గార్డు అయింది. ఆమె తన జెండాలు తేలేదు. నావి ఇచ్చాను. తీసుకుంటూ ఆమె సారీ చెప్పింది. ఆమె ఎందుకు చెప్పాలి?

డ్రైవరు కట్టెను అందుకుని పసుపు మరక మీద బొటనవేలు ఆనించి చూశాడు. “ఇది పోదా?” అని మా ఆవిడను అడిగాడు. పోదంది. “పోకపోతే మంచిదే” అన్నాడు. నా భుజం ఈసారి చరచలేదు.

మేనేజరు మా ఆవిడను మొదటి పెట్టెలో కూర్చోమంది. ఆమె ఎక్కుతూ ఆగి, “మీరు రారా?” అంది. నాకు గేటు డ్యూటీ అన్నాను. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఎక్కింది.

నేను గేటు దగ్గరకు నడిచి, రోడ్డుకు అడ్డంగా దాన్ని మూసి నిలబడ్డాను. ఈల వినిపించింది. పొదల మలుపు దాటి ఇంజను వచ్చింది, వెనక పెట్టెల్లో జనం కేకలు వేస్తూ, గేటుకు అటువైపు ఆగిన కార్లవాళ్ళకు చేతులు ఊపుతూ వెళ్ళారు. మా ఆవిడ కిటికీ పక్కన ఉంది. ఆమె నన్ను చూసిందని నాకు తెలుసు. నేను గేటు గొళ్ళెం వంక చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం ఆమె కారును స్టేషన్ దగ్గరే వదిలి ఇద్దరం నా కారులో ఇంటికి వస్తున్నప్పుడు ఆమె లోయ గురించి చాలా చెప్పింది. పైకి వెళ్ళేకొద్దీ ఏరు ఎంత సన్నబడిందో, గొర్రెలు రైలును చూసి ఎట్లా పరుగెత్తాయో, తన చిత్రాన్నం ఎంతమంది అడిగి మళ్ళీ పెట్టించుకున్నారో చెప్పింది. కట్టె మాట ఎత్తలేదు. ఊళ్ళోకి వచ్చాక, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగింది.

“గేటు కాడ నేను చెయ్యి ఊపినా. మీరు ఊపలేదు. డ్యూటీలో ఊపకూడదా?”

అలాంటి నియమం ఉందని చెబితే ఆమె నమ్మేది. నా నియమాలన్నిటినీ ఆమె నమ్మేది.

“ఊపచ్చు” అన్నాను. “నీ ముఖం చూడలేకపోయాను.”

దీపం పచ్చబడింది. ఆమె ముందుకు చూస్తూ, “సరే, పోనీండి” అంది. కారును పోనివ్వమందో, మాటను పోనివ్వమందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.