పీల్చాల్సిన గొట్టం

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. అన్నీ రాసిపెట్టుకునే మనిషికి పొరపాటు జరగదన్నది మొదటిది. నేను అన్నీ రాసిపెట్టుకుంటాను కాబట్టి నాకు జరగదన్నది రెండోది. మచిలీపట్నంలో ఫోన్ల ఆఫీసులో ఉద్యోగం, పెళ్ళయి కొద్ది ఏళ్ళు. ఆదివారం చర్చి నుంచి రాగానే వరండాలో బల్ల ముందు కూర్చుని రేడియోలూ టీవీలూ బాగుచెయ్యడం నా సరదా. వేడి పెంచుకుంటూ తగ్గించుకుంటూ సీసంతో తీగలు అతికించే సోల్డరింగ్ స్టేషన్ ఒకటి సొంతంగా తయారుచేసుకున్నాను. ఏ తీగని ఏ రోజు ఎంత వేడి దగ్గర అతికించానో డైరీలో ఉండేది. (మా పెళ్ళిరోజు పేజీలో ఒక స్క్రూ కొలత ఉందని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి చెబుతుంది. నిజానికి అక్కడున్నవి రెండు కొలతలు.)

అతికించడం నాకు బాగానే వచ్చు. ఊడదీయడంతోనే చిక్కు. ఐసీ అంటే రెండు వైపులా కాళ్ళున్న జెర్రిలాంటి వస్తువు. దాన్ని బోర్డు మీంచి తియ్యాలంటే ప్రతి కాలి దగ్గరా ఉన్న సీసాన్ని కరిగించి, గడ్డకట్టేలోపు పీల్చెయ్యాలి. అందుకు చేతిలో పట్టుకునే స్ప్రింగు పంపు ఉంటుంది గానీ, అది టక్కుమన్నప్పుడల్లా చెయ్యి అదురుతుంది. చెయ్యి అదిరితే బోర్డు మీద వెంట్రుకంత రాగి దారి లేచిపోతుంది. ఎదురింటి పిన్నిగారి టీవీలో అలా ఒక దారిని లేపేశాను. ఆవిడ ఏమీ అనలేదు. రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి మా టీవీ చూడసాగింది, అంతే.

అందుకని నా స్టేషన్‌కి గాలితో పీల్చే ఏర్పాటు కూడా జోడించాలని నిశ్చయించుకున్నాను. గుడివాడలో ఒక లేత్ షాపులో దాని రాగి మొనకి నిలువునా సన్నని బెజ్జం వేయించాను. పాడైన ఫ్రిజ్‌లోంచి కంప్రెసర్ సంపాదించాను. దానికి రెండు గొట్టాలుంటాయి. ఒకటి గాలిని పీలుస్తుంది, ఇంకోటి ఊదుతుంది. దాన్ని నేలమీద పెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, గొట్టాల చివర వేలు పెట్టి చూసి, డైరీలో రాశాను: “కుడి గొట్టం పీల్చునది. ఎడమ గొట్టం ఊదునది. రెండుసార్లు పరీక్షించితిని.” మర్నాడు దాన్ని బల్ల కింద గోడవైపు నుంచి బిగించి, డైరీ చూసుకుని, మొన నుంచి వచ్చే రబ్బరు ట్యూబుని కుడి గొట్టానికి తొడిగాను. మళ్ళీ వేలు పెట్టి చూడలేదు. పరీక్షించితిని అని నా దస్తూరీలో ఉన్నాక మళ్ళీ చూడడమంటే నన్ను నేను అనుమానించుకోవడమే కదా.

ఆ వారమే నాగాయలంక నుంచి బావ వచ్చాడు. (చుట్టరికం లేదు. ఒకసారి వాళ్ళ రేడియో బాగుచేస్తే చేపలు తెచ్చిచ్చి, బావా అని పిలిచాడు. అప్పటినుంచీ ఇద్దరం బావలమే.) ఆయనది చేపల పడవ. పడవల్లోకి వైర్‌లెస్ సెట్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. తన సెట్టుని తువ్వాలులో చంటిపిల్లలా చుట్టుకుని బస్సులో తెచ్చాడు.

“మూగబోయింది బావా. పోయినసారి గాలి తిరిగిందని మా అన్న ఒడ్డునుంచి పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాడంట. మాకు ఒక్క ముక్క వినపళ్ళా. రోజున్నర సముద్రంలో ఊగిసలాడి ఇంటికొచ్చేసరికి మీ చెల్లెలు పొయ్యి కూడా వెలిగించకుండా గుమ్మంలో కూర్చునుంది. రేపు తెల్లారగట్ల పడవలన్నీ కదులుతున్నాయి. సెట్టు పలక్కపోతే నన్ను ఎక్కనివ్వనంది.”

బెజవాడలో చూపిస్తే ఐసీ పోయిందని తేల్చి, కొత్తది చేతికిచ్చి, మార్చడానికి వారం పడుతుందన్నారట. సెట్టు విప్పి చూశాను. పద్దెనిమిది కాళ్ళు. వాటి మధ్య చీమ నడవడానికి కూడా చోటు లేదు. ఎదురింటి టీవీ పోతే సీరియల్ పోయింది. ఇది పోతే పోయేదేమిటో తల్చుకోవడానికే భయమేసింది.

మా ఆవిడని కంప్రెసర్ స్విచ్ దగ్గర నిలబెట్టాను. “ప్రార్థన చేసుకుని మొదలెట్టండి” అంది. ముగ్గురం కళ్ళు మూసుకున్నాం. ఆమేన్ అయ్యాక కూడా బావ కళ్ళు తెరవలేదు. “మా అమ్మవారికి కూడా ఒక మాట చెప్తన్నాను, ఉండండి” అన్నాడు.

మొదటి కాలి మీద మొన పెట్టాను. సీసం మెరిసి కరిగింది. “ఊఁ” అన్నాను. ఆవిడ నొక్కింది. ఫుస్సుమంది. కాలి చుట్టూ సీసం మాయమైంది. నాకు పరమానందం. రెండో కాలు, ఫుస్సు. మూడో కాలు, ఫుస్సు. ఈసారి బావ చొక్కా మీద కంప్రెసర్ నూనె తుంపర పడింది.

“ఏవండీ, పీల్చడమంటే ఇలా ఊదడమేనా?” అంది మా ఆవిడ.

కళ్ళజోడు తుడుచుకుని చూశాను. మాయమైన సీసం బోర్డంతా ఆవగింజల్లా చిట్లి, మిగతా కాళ్ళ సందుల్లో కూర్చుని మెరుస్తోంది. ఆ గింజల్లో ఒక్కటి మిగిలినా, కరెంటివ్వగానే సెట్టు శాశ్వతంగా మాడిపోతుంది. అలాంటి సమయంలో నేను చేసిన పనేమిటంటే, డైరీ తెచ్చి చూపించడం. “కుడి గొట్టమే పీల్చేది. ఇదిగో, రాసి ఉంది!”

బావ బల్ల కిందికి వంగి చూశాడు. “పుస్తకం పీలుస్తుందేమో బావా, గొట్టం మాత్రం ఊదుద్ది. నువ్వు దీనికి ఎదురుగా కూర్చుని రాసుంటావు. బిగించేప్పుడు ఎనకనుంచి చూసుంటావు. మనిషి తిరిగితే కుడి ఎడమవుద్ది గదా! అందుకే మేం పడవలో కుడీ ఎడమా అనం. ఒడ్డేపు, సముద్రమేపు అంటాం. ఎవడెటు తిరిగినా సముద్రం తిరగదు.”

నేను డైరీ మూసేశాను. బావ నన్ను లేపి నా కుర్చీలో కూర్చున్నాడు. సంచీలోంచి వలలు బాగుచేసుకునే వెదురు పుల్ల తీశాడు. “వలలో చిరుగు వెతికేప్పుడు ఒక మూల పట్టుకుని వలకన్ను తర్వాత వలకన్ను చూస్తాం. మధ్యలో మొదలెడితే దొరకదు.” అలాగే బోర్డు మూల నుంచి మొదలుపెట్టి, రాగి దారి మీద గీత కూడా పడకుండా గింజ తర్వాత గింజ ఏరాడు. పద్ధతైన మనిషినని ఊళ్ళో పేరున్న నేను భూతద్దం పట్టుకుని పక్కన నిలబడ్డాను. గంటన్నర పట్టింది. తర్వాత ట్యూబు రెండో గొట్టానికి మార్చాను. సర్రుమంటూ ఒక్కో కాలూ శుభ్రంగా విడిపోయింది. పాత ఐసీ నా వేళ్ళమధ్యకి ఊడిపడింది. కొత్తది అతికించి ఆన్ చేస్తే సెట్టులో హుష్ మని చప్పుడు. అది సముద్రంలో మాటలు పలుకుతుందో లేదో మాత్రం సముద్రానికే తెలియాలి. బావ మళ్ళీ తువ్వాలు చుట్టుకుని మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయాడు. మర్నాడు సెట్టులో గొంతు వినపడగానే అన్నయ్య చేత ఫోన్ చేయిస్తానన్నాడు.

మర్నాడు సెలవు పెట్టాను. ఆకాశం మబ్బుగా ఉంది. ఏరగా ఒక్క గింజ మిగిలిపోయి ఉంటే? నా అతుకు పడవ కుదుపుకి ఊడిపోతే? అన్నం కలిపి వదిలేశాను. ఫోన్ బాగానే ఉందో లేదోనని రిసీవర్ ఎత్తి చూసి, ఎత్తినప్పుడే వాళ్ళు చేసి ఉంటారేమోనని దిగులుపడి, మళ్ళీ పెట్టేశాను. నాలుగింటికి మోగింది.

“సెట్టు బాగుచేసింది మీరేనాండీ? నేను వాళ్ళన్నని.”

“పలుకుతోందాండీ?”

“పలకడమా! తెల్లారగట్ల మొదలెట్టినోడు ఇంకా ఆపలేదండీ. నీళ్ళ రంగేంటో, పడవలో వండిన పులుసులో ఉప్పెంతో, అన్నీ చెప్తన్నాడు. మిగతా పడవలోళ్ళకి సందివ్వట్లా. దాన్ని మళ్ళీ కాస్త పాడుచెయ్యగలరేమో కనుక్కోమన్నారండీ.”

“సంతోషమండీ” అని మాత్రం అనగలిగాను.

రిటైరై కొన్నేళ్ళయింది. ఇప్పుడు నా చేతులు కాస్త వణుకుతాయి, సెట్లు తెచ్చేవాళ్ళూ లేరు. అయినా ఇంట్లో ఫోన్ మోగితే ఇప్పటికీ ముందు లేచేది నేనే. చాలాసార్లు అది ఎవరో ఏదో అమ్మడానికి చేసిందే అయివుంటుంది. వాళ్ళు చెప్పేదంతా ఓపిగ్గా చివరిదాకా విని, “సంతోషమండీ” అని పెట్టేస్తాను.