తెగని వైరు

టైపింగ్ షాపాయన పనిలో పడితే పక్కన పిడుగు పడ్డా తలెత్తడు. గొంతు ఆపరేషన్‌తో మాట పోయిన ఆయన భార్య, ఎదుటి బల్ల దగ్గర కూర్చుని ప్రూఫులు దిద్దేది. ఆయన్ని పిలవాలంటే ఆవిడకి ఒకటే దారి, తన బల్ల మీదుగా వేలాడే మౌసు వైరు పట్టి లాగడం. తప్పు దొరికితే ఒకసారి, టీకి రెండుసార్లు, ఊరికే మొగుడి మొహం చూడాలనిపిస్తే ఎడాపెడా.

"వస్తున్నానే తల్లీ, చెయ్యి ఊడొచ్చేట్టుంది" అని విసుక్కుంటూనే లేచేవాడు.

లాగి లాగి వైరు మౌసు దగ్గర తెగిపోయేది. కొత్త మౌసు కొనడానికి వెళ్లినప్పుడల్లా కంప్యూటర్ సామాన్లు అమ్మే ఆవిడ ఒకటే పోరు.

"వైర్‌లెస్ తీసుకోండి బాబాయ్‌గారూ, ఈ గొడవే ఉండదు."

"అది పట్టుకు లాగడానికి రాదమ్మా" అనేవాడు.

కిందటేడు భార్య పోయింది. ఆయన మాత్రం వైరుని ఇప్పటికీ ఆ బల్ల మీదుగానే వేలాడదీస్తాడు.

మొన్న కీబోర్డు కోసం వెళ్తే, విషయం తెలియని కొట్టావిడ అలవాటుగా వైరు మౌసు కూడా తీసి ముందు పెట్టింది. ఆయన దాని వైరుని వేళ్లతో తడిమి, మెల్లగా వెనక్కి జరిపాడు.

"వద్దమ్మా. పాతది తెగడం లేదు."