ఉపదేశి చదవని వాక్యం

మొన్న ఆదివారం మా వీధి చివర గుడిలో ప్రసంగం ముగించి బోధకుడు పెద్ద బైబిలును మూశాడు. మైకు పక్కనే మూయడంతో ఆ చప్పుడు ధబ్బుమని గుడంతా మోగింది. అందరూ ఆమెన్ అన్నారు. నేను మాత్రం అనలేదు. నలభై ఏళ్లు దాటినా ఆ చప్పుడు వింటే నాకు కోపమే వస్తుంది. అంతటితో ఎందుకు ఆపావయ్యా అని అడగాలనిపిస్తుంది. నాకు ఆ కోపాన్నీ, అక్షరాలనూ ఇచ్చిన మనిషి పేరు ఎస్తేరమ్మ.

కర్నూలులో రాజధాని ఉన్న రోజులవి. పట్నంలో స్వరాజ్యం గురించి ఉపన్యాసాలు సాగుతున్నాయని వినేవాళ్లం. మాది ఓర్వకల్లు అవతల రాళ్లగుట్టల నడుమ ఒక పల్లె. మా మాలగేరి అంతా మా అత్త కాలంలోనే క్రైస్తవంలో కలిసింది. ఊరి రెడ్డి ఇంటివాళ్లు కూడా కలిశారు. దేవుడు ఒక్కడే, గుడీ ఒక్కటే. అయినా ముందు వరుసలో వాళ్లకు జంపఖానా, వెనుక మాకు ఉత్త నేల. ప్రభువు బల్ల నాడు ద్రాక్షరసం గిన్నె మొదట వాళ్ల పెదవులకు తాకి, ఆ తరువాతే మా దాకా వచ్చేది. అలా చేయమని ఏ పుస్తకంలో ఉందో అడిగినవాళ్లు లేరు.

మా ఆయన రెడ్డి దగ్గర జీతగాడు. జీతగాళ్ల గడువు ఉగాదికి తీరేది. మరుసటి ఏడాదికి ఉండేవాళ్లు ఆ రోజు రెడ్డి చేతి నుంచి ఆకూవక్కా పుచ్చుకోవాలి. పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే. సరిగ్గా దానికి ముందు ఆదివారం మా గుడి ఉపదేశి ఏటా ఒకే వాక్యం చదివేవాడు. దాసులు యజమానులకు భయంతో, వణుకుతో లోబడి ఉండాలని. అది చదివి ధబ్బుమని పుస్తకం మూసేవాడు. ఏటా పదిబస్తాల జొన్నలు రెడ్డి గాదె నుంచి అతనింటికి వెళ్లేవని ఊరందరికీ తెలుసు.

ఆ ఏడు జొన్నల నూర్పిళ్లప్పుడు ఒక ఎద్దు కాలు విరిగింది. రెడ్డి చర్నాకోల తీసుకుని మా ఆయన వీపు చీరేశాడు. తట్లకు ఆముదం రాస్తూ నేను అన్నాను. “ఈ ఉగాదికి ఆకూవక్కా ముట్టొద్దు. నాపరాళ్ల గనుల కాడికి పోదాం పా.”

“దేవుని మాట దాటమంటావా మే? పుస్తకంలోనే ఉండాదంట గదా” అన్నాడు.

ఆయన పిరికివాడు కాదు. దెబ్బకు భయపడలేదు, పాపానికి భయపడ్డాడు. చర్నాకోల కంటే ఆ మాటే నన్ను ఎక్కువ మండించింది. కొట్టినవాడు హాయిగా నిద్రపోతున్నాడు, కొట్టించుకున్నవాడు తనకు పాపం తగులుతుందేమోనని వణుకుతున్నాడు!

ఎస్తేరమ్మ మిషను వాళ్లు పంపే బైబిలు బోధకురాలు. ఏభై దాటిన విధవరాలు. టైరు చెప్పులతో, చంకలో గుడ్డసంచితో ఊరూరా తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పేది. మా గడపకు రాగానే అడిగేశాను.

“అక్కా, దేవుడు నిజంగా అట్ల రాసినాడా?”

“రాసుండాది.”

“అంతేనా? ఇంకేమీ లేదా?”

“ఉండాది. సదువుకుంటావా?”

“నాకీ వయసులో సదువేంటికి? నువ్వే చెప్పు.”

“మూడు ఊర్లల్లో చెప్పినా మే. ఈమె సొంతంగా కల్పించి చెప్తాండాది అన్నారు. నేను చెప్తే నా మాటయితాది. నువ్వు సదివితే ఎవురు కాదంటారు?”

ఇంట్లో మనిషి వీపు పచ్చిపుండుగా ఉంటే ఈమె ఓనమాలంటుందేమిటని ఒళ్లు మండింది. అయినా మరునాడు పొలం నుంచి వచ్చి, పొయ్యి రాజేయక ముందే, వాకిట్లో నాపబండ మీద సుద్దముక్కతో కూర్చున్నాను. ముగ్గురు పిల్లల తల్లిని. మెత్తగా చెప్పే మనిషి కాదామె. “అది ‘ఖ’నా? కుంటి మేక మాదిరుండాది. తుడుపు!” అనేది. కొడవలి పట్టిన చేతికి సుద్దముక్క నిలిచేది కాదు. నేను దిద్దుతుంటే పక్కన కూర్చుని, అదే పుస్తకంలో ఒక రాజుకు ఇటుకల కోసం మట్టి తొక్కిన దాసుల కథ చెప్పేది. వాళ్లు ఆ రాజును కాదని అతని దేశం విడిచి నడిచి వచ్చేశారట.

“మరి దేవుడు ఎవురి పక్క నిలబడినాడక్కా?”

“నడిసొచ్చినోళ్ల పక్క. ఇది ఆకాశం నుంచి ఊడిపడిన పుస్తకం కాదు మే. దెబ్బలు తిన్నోళ్ల కత గూడా ఇందులో ఉండాది. పెద్దోళ్లు వాళ్లకు యాడ కావల్నో ఆడే ఏలు పెట్టి సదువుతారు.”

మూడు నెలలకు ఆమె ఆ పేజీ తీసి నా ముందు పెట్టింది. వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. ఉపదేశి ఆపే చోటికి కొద్ది వరుసల కిందనే ఉంది. యజమానులు కూడా దాసులతో అలాగే నడుచుకోవాలట. బెదిరింపులు మానాలట. ఇద్దరికీ పైన ఉన్న యజమాని ఒక్కడేనట, ఆయన ఎవరి ముఖం చూసీ పక్షపాతం చూపడట. జానెడు దూరంలో ఉన్న మాట! దాన్ని ఇన్నేళ్లు మా చెవిన పడకుండా దాచారు. నాకు ఏడుపు రాలేదు. పళ్లు కొరుక్కున్నాను.

ఉగాది ముందు ఆదివారం ఉపదేశి చదివాడు, పుస్తకం మూశాడు. నేను లేచి నిలబడ్డాను.

“అయ్యా, దాని కిందిది గూడా సదువు.”

“కూసో మే. ఆడదానివి, గుళ్లో మాట్లాడతాండావా?”

పక్కనే కూర్చున్న ఎస్తేరమ్మ తన పుస్తకం నా చేతికిచ్చింది. ‘యజమానులారా’ అని ఉన్నదాన్ని గట్టిగా ‘యజమానురాలా’ అని చదివాను. ముందు వరుసలో రెడ్డిసాని ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

“నన్నేంటికి పిలుస్తాండావే?”

గుడంతా ఘొల్లుమంది. “సదువు సూడప్పా, రెడ్డిసానమ్మను దేవుడు పేరు పెట్టి పిలుస్తాండాడు” అని ఎవరో అన్నారు. నా ముఖం మాడిపోయింది. కాని నవ్వు ఆగేసరికి అందరి చెవులూ నా వైపే ఉన్నాయి. అక్షరం అక్షరం తడుముకుంటూ చివరి దాకా చదివాను. రెడ్డి లేచి బయటికి వెళ్లిపోయాడు. మా ఆయన నా దగ్గరికి వచ్చి, “ఇది గూడా దేవుడే రాసినాడా?” అని అడిగాడు. “ఆ పుస్తకంలోనే, ఆ పేజీలోనే” అన్నాను. ఉగాదినాడు ఆయన ఆకూవక్కా ముట్టలేదు.

గనులకు బయలుదేరే ముందు రోజు మిషను పెద్దలిద్దరు మా ఇంటికి వచ్చారు. ఎంతో ప్రేమగా మాట్లాడారు. “బాగా చదివావటమ్మా. ఎవరు నేర్పించారు?” అన్నారు. ఉబ్బిపోయి అంతా చెప్పాను. వాళ్లు కాగితం మీద రాసుకున్నారు. “వేలిముద్ర వేస్తావా?” అని సిరా డబ్బీ తీశారు. “నాకు సంతకం వస్తాది” అన్నాను. పుట్టిన తరువాత మొదటిసారి నా పేరు కాగితం మీద రాశాను. రూతమ్మ. వాళ్లు మెచ్చుకుని, చిన్న ప్రార్థన చేసి వెళ్లారు.

నెల తిరక్కముందే ఎస్తేరమ్మను పనిలోంచి తీసేశారని తెలిసింది. సంఘ పెద్దలను అవమానించమని ఆమె నన్ను ఎగదోసిందట. నేను పశ్చాత్తాపపడి, ఆమెను పంపేయమని వేడుకున్నానట. నేను సంతకం పెట్టిన ఆ కాగితంలో ఉన్నది అది.

పత్తికొండలో చెల్లెలి ఇంట్లో ఉందని విని పరుగున వెళ్లాను. అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

“ఆ కాగితం నాకు సూపించినారు మే. నీ చేతిరాత గుర్తుపట్టినా. ‘మ్మ’కు వత్తు బాగా పెట్టినావు.”

ఎగతాళి కాదది. నిజంగానే మెచ్చుకుంది. ఒక్క మాట తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

రెడ్డి పోయాడు, ఉపదేశీ పోయాడు. వాళ్ల మీద కోపం చల్లారింది. ప్రేమగా మాట్లాడి, ప్రార్థన చేసి వెళ్లిన ఆ ఇద్దరి మీద చల్లారలేదు, చల్లార్చుకోను కూడా. వాళ్లతో పాటు నా మీద కూడా. మూడు నెలలు కష్టపడి ఒకరు దాచిన వాక్యం బయటికి తీసినదాన్ని, నా ముందు పెట్టిన నాలుగు వాక్యాలు చదవలేదు. ఇప్పుడు రేషను దుకాణంలోనైనా, బ్యాంకులోనైనా ప్రతి కాగితం చివరి అక్షరం దాకా చదివి గాని సంతకం పెట్టను. “ముసలామె తెమలదు” అని వెనుకవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.