వీరాంజనేయులు చూడని ఆట

అమెరికాలోని ట్రాయ్ ఊళ్ళో వీరాంజనేయులుని ఎరగని తెలుగువాళ్ళు తక్కువ. ఎరిగినవాళ్ళంతా ఆయన్ని ఏదో ఒక ఇంటి కిచెన్‌లో టీ కాస్తుండగా చూసినవాళ్ళే. క్రికెట్ మ్యాచ్ పేరు చెప్పి నాలుగు కుటుంబాలు ఒకచోట చేరాయంటే హాల్లో టీవీ ముందు మగవాళ్ళంతా, లోపల స్టవ్ ముందు ఈయన ఒక్కడూ. కొత్తగా వచ్చిన కుర్రాడెవడైనా "అదేంటి అంకుల్, మీరు చూడరా?" అన్నాడంటే, హాల్లోంచి అందరూ ఒక్కసారే అరిచేవారు. "బాబోయ్, ఆయన్ని ఇటు రానివ్వకు, వికెట్ పడుద్ది!"

ఆయనా నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు? ఆ పేరు నిన్నా మొన్నా వచ్చింది కాదు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒక వరల్డ్ కప్ సెమీఫైనల్ నాడు ఆలస్యంగా హాస్టల్ టీవీ గదిలోకి వచ్చి అలా కూర్చున్నాడో లేదో, టపటపా వికెట్లు రాలాయి. "ఒరేయ్ అంజిగా, నీది కాలు కాదురా, ఐరన్ లెగ్గు! లే, బయటికి నడు!" అని స్నేహితులు మెడపట్టి గెంటారు. వరండాలో నిలబడ్డ కాసేపూ ఒక్క వికెట్టూ పడలేదట. ఇంకేముంది, ముద్ర పడిపోయింది. సరదాకి అన్న మాటే, కాదనను. కానీ నలుగురూ కూడబలుక్కుని కుక్క అంటే మేకని కూడా దించేసి పోయే జాతి మనది. ఈయనా తన కాలిని అలాగే నమ్మేశాడు.

చేసే ఉద్యోగం చూస్తే మహా గట్టిది. కార్లని గోడకి గుద్దించి, లోపల కూర్చోబెట్టిన బొమ్మల పక్కటెముకలకి ఏమైందో లెక్క కట్టే ఇంజనీరు. అలాంటి మనిషి ఇంట్లోనే పుట్టాడు ఈషాన్, ఒకర్నొకరు గుద్దుకోవడమే ఆటగా ఆడతానని.

ఎనిమిదో క్లాసులో మొదలుపెట్టాడు. మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికా ఫుట్‌బాల్. "ఎముకలు విరుగుతాయిరా" అని ఈయన, "పోనివ్వండి, పిల్లాడు ముచ్చటపడుతున్నాడు" అని భార్య రాధారాణి. చివరికి ఆవిడ మాటే నెగ్గింది. మొదటి మ్యాచ్‌కి ఇద్దరూ వెళ్ళారు. వీరాంజనేయులు మడత కుర్చీ వేసుకుని ఫ్లాస్క్ మూత తీస్తున్నాడు, అంతే, పిల్లాడి మీద ముగ్గురు పడ్డారు. భుజం దగ్గర ఎముక విరిగింది. ఆంబులెన్స్ వెనకాల కారు నడుపుతూ ఆయన ఒక్కటే అనుకున్నాడు. నేను వచ్చాను కాబట్టే.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు, కొడుకు ఆడుతుంటే చూడనని. రాధారాణి చేతా ఒట్టు వేయించుకున్నాడు. "వాడికి మాత్రం చెప్పకు. ఇక్కడ పుట్టినవాడు, నవ్వుతాడు. నాన్నకి ఆఫీస్‌లో పనుందని చెప్పు."

అలాగని ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడా? ఒక్క ఆటా వదల్లేదు. స్కూల్లో, తరవాత కాలేజీలో, ఎంత దూరమైనా రాధారాణిని కార్లో తీసుకెళ్ళి గేటు దగ్గర దింపి, తను పార్కింగ్ లాట్‌లో కూర్చునేవాడు. లోపల జనం కేక పెడితే అది సంతోషమో కోపమో చెవి రిక్కించి పోల్చుకునేవాడు. ఆట అయ్యాక ఆవిడ ఒక్కతే వెళ్ళి కొడుకుని కౌగలించుకుని, ఒక్కతే వచ్చినట్టు చెప్పి, వచ్చి కారెక్కేది. ఇంటికొచ్చాక ఈయన ఫోన్‌లో వీడియో పెట్టుకుని చూసేవాడు. అయిపోయిన ఆటకి ఎవరి కాలూ తగలదు కదా! "కాస్త నిలదొక్కుకోనీ రాధా, అప్పుడు దర్జాగా కూర్చుని చూస్తాను" అనేవాడు. పిచ్చి తండ్రి.

ఏటా ఏప్రిల్‌లో మూడు రోజులపాటు పెద్ద జట్లన్నీ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఈషాన్ కాలేజీ అయిన ఏడాది ఇల్లంతా చుట్టాలు, స్నేహితులు, టీవీ ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పేర్లు పిలుస్తూనే ఉన్నారు. మూడో రోజు మధ్యాహ్నం కూడా దాటింది, ఈషాన్ పేరు రాలేదు. పిల్లాడి ముఖం పీక్కుపోయింది. వీరాంజనేయులు ఇక ఉండబట్టలేక లేచి, పెరట్లోకి పోయి గడ్డి కోసే మిషన్ స్టార్ట్ చేశాడు. రెండు వరసలు కోశాడో లేదో, లోపల్నుంచి అందరూ అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చారు. టొలీడో హెరాన్స్ వాళ్ళు తీసుకున్నారు! రాధారాణి ఏడుస్తూ వచ్చి ఆయన్ని పట్టుకుంది. ఆయన ఆవిడ చెవిలో, "చూశావా, నేను లేచొస్తే గానీ పిలవలేదు" అన్నాడు.

ఆ హెరాన్స్ ఏళ్ళ తరబడి ఓడిపోయి, పాతవాళ్ళందరినీ సాగనంపి, పునాదుల నుంచి కట్టుకుంటున్న జట్టు. అలాంటి చోట కొత్తవాడికి నేర్చుకునే తీరికెక్కడిది? మొదటి నెల్లోనే మైదానంలోకి తోసేశారు. ఈషాన్‌ది కార్నర్‌బ్యాక్ పని. అవతలి జట్టులో బంతి అందుకోవడానికి పరిగెత్తేవాణ్ణి నీడలా అంటిపెట్టుకుని, అందనివ్వకుండా చెయ్యాలి. పెళ్ళిలో వంటవాడి లాంటి ఉద్యోగం. బాగుంటే ఎవడూ అడగడు, ఉప్పు తగ్గిందంటే ఊరంతా అడుగుతుంది. కొత్తవాడని తెలిసి అందరూ బంతి వాడి వైపే విసిరారు. వారం వారం వాడి మీద నుంచే పాయింట్లు కొట్టారు. సొంత ఊరి జనమే "బూ" అని అరిచారు. పార్కింగ్ లాట్‌లో కూర్చున్న తండ్రికి ఆ అరుపు కారు అద్దాలు మూసుకున్నా వినిపించేది.

గుడిలో ఒక పెద్దమనిషి ప్రసాదం తింటూ, "ఏంటి వీరాంజనేయులు గారూ, మీ వాడు నిన్న కూడా బంతి వదిలేశాడంట? హాయిగా మెడిసిన్ చదివించాల్సింది" అన్నాడు. ఈయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ వాణ్ణి వచ్చి ఒక్క నిమిషం అక్కడ నిలబడమనండి, అప్పుడు మాట్లాడదాం" అనేసి చెప్పులేసుకున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి అంత మాట అన్నాడు, కొడుకు కోసం. ఆ కొడుక్కి అది తెలియనే తెలియదు.

డిసెంబర్‌లో ఒక రోజు ఈషాన్ ఇంటికొచ్చాడు. గుత్తి వంకాయ కూర కలుపుకుంటూ, తలెత్తకుండా అడిగాడు. "నాన్నా, సండే లాస్ట్ హోమ్ గేమ్. నువ్వు వస్తావా?"

"ఆఫీస్‌లో కొంచెం..."

"సండే నాన్నా." వాడు ముద్ద కంచంలోనే వదిలేశాడు. "నువ్వు ఎప్పుడూ రాలేదు. వన్స్ వచ్చావు, నా బోన్ విరిగింది, తర్వాత రాలేదు. నెక్స్ట్ ఇయర్ నేను ఉంటానో లేదో నాకు తెలీదు. డ్రాఫ్ట్‌లో కార్నర్‌ని తీసుకుంటారు అంటున్నారు అందరూ. ఒక్కసారి రా. ప్లీజ్."

ఏ తండ్రి కాదనగలడు? "వస్తాన్రా కన్నా" అన్నాడు. ఆ వారం ఆయనకి అన్నం సయించలేదు.

ఆదివారం ఇద్దరూ లోపలికి వెళ్ళారు. గ్రౌండ్‌కి దగ్గరగానే సీట్లు. ఆట మొదలయ్యే ముందు ఈషాన్ ఇటు తిరిగి వెతికాడు. తండ్రి కనబడగానే వాడి ముఖం చిన్నప్పుడు స్కూల్ బస్సు దిగినప్పటిలా విచ్చుకుంది. చెయ్యెత్తి ఊపాడు. వీరాంజనేయులు కూడా ఊపాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ ఎంత తెలివితక్కువ పని చేశానురా అని కూడా అనుకున్నాడు, ఒక్క నిమిషం.

ఆ నిమిషం గడవనిస్తేనా! అవతలివాళ్ళు మొదటి బంతే ఈషాన్ వైపు విసిరారు. వాడు వెనక్కి పరిగెడుతూ కాలు జారాడు. ఎదుటివాడు బంతి పట్టుకుని ఏ అడ్డూ లేకుండా చివరి గీత దాటి వెళ్ళిపోయాడు. టచ్‌డౌన్. వెనక సీట్లోంచి ఎవడో "తీసి పారెయ్యండి వాణ్ణి!" అని ఇంగ్లీషులో బొబ్బలు పెట్టాడు. వీరాంజనేయులు లేచి నిలబడ్డాడు.

రాధారాణి కోటు పట్టుకుని లాగింది. "కూర్చోండి. మీకు దణ్ణం పెడతాను, కూర్చోండి. వాడు ఇటే చూస్తాడు."

"నేనుంటే వాడు నాశనమైపోతాడు రాధా" అని కోటు విడిపించుకుని వెళ్ళిపోయాడు.

కార్లో కూర్చుని ఆంజనేయస్వామిని తలుచుకుంటున్నాడు. వేళ్ళు కొంకర్లు పోతున్నా హీటర్ వెయ్యలేదు. శబ్దంలో కేక వినపడదేమోనని. చాలాసేపటికి ఆ పెద్ద గోడల వెనకాల నుంచి ఒక కేక లేచింది. ఎన్నో ఏళ్ళుగా వింటున్న చెవులు కదా, సంతోషపు కేకని ఇట్టే పోల్చుకున్నాయి. ఫోన్ మోగింది.

"పట్టుకున్నాడండీ! బంతి మనవాడే పట్టుకున్నాడు, అవతలివాడి చేతుల్లోంచి లాక్కున్నాడు!" ఆవిడ ఏడుస్తోంది. తరవాత గొంతు తగ్గించి, "బంతి తీసుకుని మన సీట్ల వైపే పరిగెత్తుకొచ్చాడండీ. మీకు చూపించాలని ఇలా పైకెత్తి పట్టుకున్నాడు" అంది.

ఆ రెండో మాట ఆయన చెవికెక్కలేదు. స్టీరింగ్ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు, ఆనందంతో. నేను లేచొచ్చాను, వాడు గెలిచాడు. ఆ పూట అంత గర్వపడ్డ మనిషి అమెరికా మొత్తంలో ఇంకొకడు ఉండడు.

ఆట అయ్యాక ఆటగాళ్ళ కుటుంబాలు నిలబడే చోటికి ఈసారి ఆయనా వెళ్ళాడు. ఈషాన్ తడి జుట్టుతో వచ్చాడు. "చూశావా నాన్నా?"

"చూడకపోవడమేంట్రా! ఏం పట్టావురా కన్నా, పులిలా!"

ఈషాన్ ఆయన ముఖంలోకి కాసేపు చూశాడు. "థాంక్స్ నాన్నా" అన్నాడు. ఆ రోజు తరవాత ఇంటికి ఫోన్ చేస్తే అమ్మతోనే మాట్లాడి పెట్టేసేవాడు.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. డ్రాఫ్ట్ మొదటి రోజు సాయంత్రం రాధారాణి పోరగా పోరగా ఈషాన్ ఇంటికొచ్చాడు. ముగ్గురే సోఫాలో. హెరాన్స్ మళ్ళీ చిత్తుగా ఓడారు కాబట్టి వాళ్ళ వంతు తొందరగానే వచ్చింది. వాళ్ళు ఇంకొక కార్నర్‌బ్యాక్‌ని తీసుకున్నారంటే ఈషాన్ పని అయిపోయినట్టే. వీరాంజనేయులు మెల్లిగా లేవబోయాడు.

"సిట్ నాన్నా" అన్నాడు ఈషాన్. టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "ఈ ఒక్కటీ నాతో చూడు."

రాధారాణి కూడా భర్త వైపు చూసింది. ఆయన కూర్చున్నాడు. మోకాళ్ళు రెండూ చేతులతో అదిమిపట్టి కూర్చున్నాడు. పేరు చదివారు. ఎవరో పొడుగాటి కుర్రాడు, తల్లిని కౌగలించుకుంటున్నాడు. తెర అడుగున పడ్డ అక్షరాలు: కార్నర్‌బ్యాక్.

ఉన్నట్టుండి వీరాంజనేయులు తల బాదుకోవడం మొదలుపెట్టాడు. "నేను లేచిపోవాల్సింది! నన్నెందుకు కూర్చోమన్నావురా! నా పాడు కాలు సంగతి నీకు తెలీదు, నేను చూస్తే ఏదీ నిలవదు. అందుకేరా ఇన్నేళ్ళూ బయట కూర్చున్నాను!"

"బయట అంటే?" అన్నాడు ఈషాన్.

అన్నేళ్ళు ఒట్టు మోసిన ఆవిడే చెప్పింది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. హాస్టల్ నుంచి మొదలుపెట్టి అన్నీ.

"ఎవ్రీ గేమ్?"

"ఒక్కటీ వదల్లేదురా" అన్నాడు తండ్రి. "కార్లోనే ఉండేవాణ్ణి."

ఈషాన్ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. అంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, చిన్నపిల్లాడిలా రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "నేను అనుకున్నాను... నేను డాక్టర్ అవ్వలేదు, నీకు షేమ్ అని. అందుకే నువ్వు రావు అని. గేమ్ అయ్యాక నేను పార్కింగ్ లాట్‌కి నడిచినా దొరికేవాడివి కదా నాన్నా."

"వాళ్ళు నిన్ను తిడుతుంటే చూడలేకపోయేవాణ్ణిరా."

"బాగా ఆడినప్పుడు స్టేడియం అంతా నాదే నాన్నా. వాళ్ళు తిట్టినప్పుడే నీకోసం చూసేవాణ్ణి."

ఆ మాట విని వీరాంజనేయులు వాడి పక్కకి జరిగాడు. కొడుకు తల తన భుజం మీదికి లాక్కున్నాడు, అంతే.

రెండు వారాలు తిరక్కుండానే హెరాన్స్ వాళ్ళు ఈషాన్‌ని జట్టులోంచి తీసేశారు. సామాను కార్లో వేసుకుని ఇంటికొచ్చేశాడు. డ్రైవ్‌వేలో ఆ బ్యాగులు దింపుతూ వీరాంజనేయులు అన్నాడు. "ఇదొక్కటే టీమా ఏంటి? ఇంకొకళ్ళు పిలుస్తారు. పిలవనీ, ముందు వరసలో కూర్చుంటాను. నువ్వు పడ్డా సరే, ఊరంతా తిట్టినా సరే, చచ్చినా లేవను. నీ మీద ఒట్టు."

"ఓకే నాన్నా" అన్నాడు ఈషాన్.

ఎండాకాలం అయిపోయింది. సెప్టెంబర్‌లో జట్లన్నీ ఆటలు మొదలుపెట్టాయి. ఏ ఊరి నుంచీ ఫోన్ రాలేదు.